దాచిన కాగితం దొరకాలి



ఈవేళ మనం ముచ్చటించుకోబోయేది వంట గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. కాగితాల గురించి. లక్షల్లో, కోట్లలో పేరుకుపోయే రికార్డులను ఆఫీసుల్లో ఎలా దాచిపెడతారు, అంత రాశిలోంచి మనకు కావలసిన ఒక్క కాగితాన్ని ఎలా బయటికి తీస్తారు అన్న సంగతి. “అది గుమస్తాల పని, మనకెందుకండీ” అంటారేమో! ఇంటి దస్తావేజు నకలు కోసం, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్ కోసం, పెద్దవాళ్ల పెన్షన్ కోసం ఆఫీసుల మెట్లు ఎక్కి దిగేది ఈ రోజుల్లో చాలా ఇళ్లలో మనమే. కౌంటరు వెనకాల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఒక్క తిరుగుడుతో పని చేసుకుని వస్తారు. తెలియనివాళ్లు “రికార్డు లేదమ్మా” అన్న ఒక్క మాటకే వెనక్కి వచ్చేస్తారు. కొన్నిసార్లు ఆ ఒక్క మాటతో ఇంటి మీద హక్కే చేజారిపోయే ప్రమాదం ఉంది. అంచేత కాస్త ఓపిగ్గా వినండి.

ముందు మన వంటింట్లోంచే మొదలుపెడదాం. వేసవిలో ఆవకాయ పెడతాం. ఏడాదికి సరిపడా కలిపి, పెద్ద జాడీకెత్తి, వాసెన కట్టి, అలికిడి లేని మూల పెడతాం. వారానికో పది రోజులకో సరిపడా చిన్న జాడీలోకి తీసుకుని దాన్ని మాత్రం అన్నాల దగ్గర ఉంచుకుంటాం. ఎందుకని? రోజూ పెద్ద జాడీని దించి ఎక్కించడం కష్టం. పైగా రోజూ వాసెన విప్పుతుంటే ఎప్పుడో ఒకప్పుడు తడి గరిటె తగులుతుంది, ఏడాది ఆవకాయ బూజు పట్టిపోతుంది.

ఆఫీసు రికార్డుల సంగతీ అచ్చం ఇంతే. రోజూ పదిమంది వచ్చి అడిగేవి, రోజూ కొత్తగా రాసేవి ఒకచోట ఉండాలి. అది చిన్న జాడీ. పని ముగిసినవి, ఎప్పుడో ఒకసారి తప్ప అవసరం పడనివి ఇంకోచోట ఉండాలి. అది పెద్ద జాడీ. రెండూ కలిపి ఒకేచోట ఉంచితే రోజువారీ పని మందగిస్తుంది. కంప్యూటరు వచ్చినా ఈ ధర్మం మారలేదు. ఇరవై ఏళ్ల ఖాతాలన్నీ ఒక్క పట్టికలోనే ఉంచితే, ఈరోజు కట్టిన బిల్లు చూపించడానికి కూడా అది తడుముకోవలసి వస్తుంది. రాత్రిపూట నకళ్లు తీసిపెట్టే పనికీ గంటలకు గంటలు పడుతుంది. పాతవాటిని వేరే పట్టికకు తరలించి భద్రపరచడాన్నే ఆర్కైవింగ్ అంటారు.

అయితే ఏది పాతది, ఏది కొత్తది? ఇక్కడే చాలామంది పొరబడతారు. వయసు చూసి కాదండీ, పని చూసి తేల్చాలి. నిరుడు కట్టిన కరెంటు బిల్లు వయసులో చిన్నదే, కానీ దాని పని అయిపోయింది. 1962లో కొన్న ఇంటి దస్తావేజుకు అరవై ఏళ్లు దాటాయి, కానీ ఆ ఇల్లు ఉన్నంతకాలం దాని పని అయిపోదు. “పదేళ్లు దాటినవన్నీ అటక మీదికి” అని గీత గీసేస్తే బతికున్న కాగితం చచ్చినవాటితో కలిసిపోతుంది.

సరే, పెద్ద జాడీలో దాచాం. అవసరమైతే తీయడం ఎలా? ఊరగాయకైతే జాడీ ఒకటే, మూత తీస్తే చాలు. ఆఫీసులో కోటి కాగితాలు. వచ్చినవి వచ్చినట్టు పేర్చిన కోటి కాగితాల్లో ఒకటి వెతకాలంటే, అదృష్టం మధ్యస్తంగా ఉన్నా 50 లక్షలు తిరగెయ్యాలి. అదే పేర్లను అక్షరక్రమంలో రాసిన పట్టిక ఉందనుకోండి. నిఘంటువులో మాట వెతికినట్టు సరిగ్గా మధ్యకు తెరుస్తాం. మనకు కావలసిన పేరు ముందుందా, వెనకుందా చూస్తాం. అక్కర్లేని సగం వదిలేసి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తాం. ఇలా 17 సార్లు చేస్తే లక్ష పేర్లలో ఒక్కటే మిగులుతుంది. కోటి పేర్లున్నా 24 సార్లు చాలు. రాశి వంద రెట్లు పెరిగితే వెతుకులాట ఏడే మెట్లు పెరిగింది, చూశారూ! ఇదే సూచిక మహిమ.

ఇంకా సులువైన దారి మన హైదరాబాదు ఇంటి నంబర్లోనే ఉంది. పాతబస్తీలో ఏ గుమ్మం మీదైనా చూడండి, గీతలతో విడదీసిన మూడు అంకెలు కనిపిస్తాయి. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఊరికి కొత్తవాడైనా సరే, ముందు వార్డు, తర్వాత బ్లాకు, ఆపైన ఇల్లు పట్టుకుంటాడు. గడప గడపా తట్టడు. కంప్యూటరు సూచిక కూడా ఇలాగే పనిచేస్తుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర 300 దారులు ఉన్నాయనుకోండి. మూడో మెట్టుకే 2 కోట్ల 70 లక్షల చోట్లకు దారి చూపించవచ్చు. మూడు మెట్లలో అంత రాశి!

అలాగని ప్రతిదానికీ సూచిక పెట్టుకుంటూ పోతే? కొత్త కాగితం వచ్చినప్పుడల్లా అన్ని సూచికల్లోనూ రాసుకోవాలి. పోపులపెట్టెలో ఏడు గిన్నెలుంటే చెయ్యి దానంతటదే వెళుతుంది, డెబ్బై ఉంటే అదే ఒక వెతుకులాట. అందుకని జనం వేటితో అడుగుతారో వాటికే సూచిక పెడతారు.

మన ఇళ్ల దస్తావేజుల విషయంలో జనం ఎలా అడుగుతారు? “ఫలానావారి పేర ఏముంది?” అని, లేదా “ఫలానా ఇంటి మీద ఏముంది?” అని. ఈ సంగతి పూర్వమే గ్రహించారు. ఇప్పుడు మనకు వర్తించే రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. ఇళ్లకూ, స్థలాలకూ సంబంధించిన దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలోకి ఎక్కాలని అందులో ఉంది. ఆ పుస్తకానికి రెండు సూచికలు. మొదటి సూచిక మనుషుల పేర్లది. అమ్మినవారు, కొన్నవారు, ఇద్దరివీ. రెండో సూచిక ఆస్తి వివరాలది. దస్తావేజు పుస్తకంలోకి ఎక్కిన తర్వాత వీలైనంత వెంటనే సూచికలోనూ రాయాలని చట్టంలోనే ఉంది. తీరికున్నప్పుడు రాద్దాంలే అనడానికి వీల్లేదు. ఈ రోజు ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే. దొరకడానికి ఏర్పాటు దాచేటప్పుడే చెయ్యాలి. వెతికేటప్పుడు చెయ్యబోతే అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ పుస్తకాన్నీ, సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు అడగవచ్చు. వీలునామాల పుస్తకం సంగతి వేరు. రాసినవారు బతికి ఉన్నంతకాలం వారికి, వారి తరఫు మనిషికి తప్ప ఇతరులకు నకలు ఇవ్వరు. అంటే దాచడం, తీయడంతో పాటు ఎవరికి తీసివ్వాలన్నది కూడా ముందే తేల్చిపెట్టారన్నమాట.

ఇక కంప్యూటర్ల కాలానికి వద్దాం. 1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ “కార్డ్” అనే పథకం కింద రెండు వందలకు పైగా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టింది. అంతకుముందు ఒక ఆస్తి మీద ఏయే లావాదేవీలు నడిచాయో చెప్పే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మనమంతా ఈసీ అంటామే, అది కావాలంటే గుమస్తా ఏడాదికో పుస్తకం చొప్పున సూచికలన్నీ దించి చూడాల్సి వచ్చేది. రోజులు పట్టేది. కంప్యూటర్లు వచ్చాక అది నిమిషాల పని అయింది. ఇప్పుడైతే ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చూసుకోవచ్చు.

కానీ ఇక్కడ ఒక గీత ఉంది, అందరూ గమనించరు. ఆన్‌లైన్‌లో ఈసీ వెతుకులాట 1983 జనవరి 1 దగ్గర మొదలవుతుంది. అంతకు ముందువి పాత పుస్తకాల్లోనే ఉంటాయి. చిన్న జాడీ, పెద్ద జాడీ మధ్య గీత అది.

ఈ గీత వల్ల ఏమవుతుందో చూడండి. గౌలిపురాలో ఒకావిడ పేర 1962లో ఇల్లు కొన్నారనుకోండి. తర్వాత అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. ఆవిడ కాలం చేశారు. కూతురు వాటా అడిగింది. ఇంట్లో ఎవరో ఫోన్ తీసి, ఈసీ వెతికి, “చూడు, మీ అమ్మ పేర ఏమీ లేదు” అని చూపించారు. ఆ అమ్మాయి నిజమే కాబోలు అనుకుంది. నిజం కాదు! ఆ వెతుకులాట చెప్పిందల్లా 1983 తర్వాత ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీ ఏదీ కనిపించలేదని. 1962 కాగితం పాత పుస్తకంలో భద్రంగానే ఉండవచ్చు. “ఇక్కడ కనిపించలేదు” అన్న మాటకూ, “అసలు లేదు” అన్న మాటకూ చాలా దూరం ఉందమ్మా. ఏ ఆఫీసులోనైనా సరే, “లేదు” అన్న జవాబు వస్తే “ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకూ చూశారండీ?” అని అడగండి. ఆడపిల్లల ఆస్తి హక్కు కోసం మన రాష్ట్రంలో 1986లో, దేశమంతటికీ 2005లో చట్టాలను సవరించారు. చట్టం హక్కు ఇస్తుంది సరే, దాన్ని నిలబెట్టేది కాగితం.

మరి ఆ పాత పుస్తకంలోంచి తీయించడం ఎలా? దస్తావేజుకు మూడు గుర్తులుంటాయి. డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, రిజిస్టరైన ఆఫీసు. ఏటా నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కనుక ఒట్టి నంబరు చాలదు, మూడూ ఉండాలి. మూడూ ఉంటే పుస్తకం నేరుగా తెరవవచ్చు. లేకపోతే కొన్నవారి పేరు, అమ్మినవారి పేరు, ఉజ్జాయింపు సంవత్సరం, ఇంటి నంబరు, నాలుగు హద్దులు చెప్పి వెతికించమని దరఖాస్తు పెట్టాలి. ఆ రోజుల్లో ఆ మొహల్లా ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు కింద ఉండేదో కూడా కనుక్కోవాలి, ఆఫీసుల పరిధులు మారుతుంటాయి. ఆఫీసువారు సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చిన నకలు, అసలు దస్తావేజులో ఏముందో రుజువు చేయడానికి చెల్లుతుంది.

ఇప్పుడు పేర్ల సంగతి. సూచిక ఎంత గొప్పదైనా, అందులో రాసిన పేరు ఒకటి, మనం అడిగే పేరు ఇంకొకటి అయితే ఏం లాభం? లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తే, ఒకరు ఎక్స్‌తో రాస్తారు. మనకు ఒకటే లక్ష్మి, కంప్యూటరుకు ఇద్దరు. మన పొరుగింటి ముస్లిం సోదరీమణుల పేర్లలో ఒకచోట బేగం అని, ఒకచోట బీ అని ఉంటుంది. పైగా మగవాళ్ల ఇంటిపేరు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకటే. మనకు పెళ్లితో మారుతుంది. పుట్టింటి ఇంటిపేరుతో ఒక కాగితం, అత్తింటి ఇంటిపేరుతో ఒక కాగితం. ఒకే మనిషి రికార్డుల్లో ఇద్దరుగా చీలిపోతుంది. సూచికలో దొరకకుండా పోయేది ఎక్కువగా ఆడవాళ్ల పేర్లే కావడానికి కారణం ఇదీ.

దీనికి మందు మన ఊళ్లోనే పాత కాగితాల్లో ఉంది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో, నిజాముల కాలపు దఫ్తరె దివానీ నుంచి వచ్చిన రికార్డులతో సహా కోట్ల పత్రాలున్నాయి. అన్నిటికంటే పాతది 1406 నాటి బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ఫర్మానా. షాజహాన్, ఔరంగజేబుల కాలపు మొగలాయి పత్రాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనే పత్రాలున్నాయి. చెహ్రా అంటే ముఖం కదండీ. సైన్యంలో ఉన్న రౌతు పేరు, తండ్రి పేరు, ఒంటి ఛాయ, ముఖం మీద పుట్టుమచ్చ, గాయం మచ్చ, అతని గుర్రం గుర్తులు, అన్నీ అందులో రాసేవారు. ఎందుకంటే ఒకే పేరు గలవాళ్లు సైన్యంలో ఎందరో ఉంటారు. ఒకరి జీతం ఇంకొకరు తీసుకోకూడదు. ఒట్టి పేరు మనిషిని పట్టివ్వదని, పేరుతో పాటు మారని గుర్తు ఒకటి ఉండాలని మూడు వందల యాభై ఏళ్ల కిందటే తెలిసిన మాట! ఈనాడు ప్రతి రికార్డుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వడం వెనక ఉన్నది అదే ఆలోచన.

ఆ పత్రాలే ఇంకో పాఠం కూడా చెబుతాయి. వాటిలో ఎక్కువ భాగం ఫారసీ, ఉర్దూ భాషల్లో ఉన్నాయి. చాలావాటిలో అక్షరాలు తెంచి గొలుసుకట్టుగా రాసే షికస్తా రాత. దాన్ని చదవగలిగినవాళ్లు ఇప్పుడు తక్కువ. అంటే కాగితం ఉన్నా చదివేవాళ్లు లేకపోతే దొరకనట్టే లెక్క. కంప్యూటరుకూ ఇదే గండం ఉంది. ముప్ఫై ఏళ్ల కిందటి ఫ్లాపీ మీ చేతికిస్తే ఏ యంత్రంలో పెట్టి చూస్తారు? అందుకని భద్రపరచినవాటిని కాలానుగుణంగా కొత్త రూపంలోకి ఎత్తుకుంటూ ఉండాలి.

పాత రికార్డులను తరలించేటప్పుడు తెలిసినవాళ్లు ఒక పద్ధతి పాటిస్తారు. అన్నీ ఒక్కసారి కదపరు. జనం లేని వేళ చూసుకుని కొద్దికొద్దిగా కదుపుతారు. ముందు కొత్తచోట నకలు చేస్తారు. ఇక్కడ ఎన్ని, అక్కడ ఎన్ని అని లెక్క సరిచూస్తారు. కొన్నిటిని తీసి చదివి చూస్తారు. ఆ తర్వాతనే పాతచోట తీసేస్తారు. సూచికను మాత్రం అందుబాటులోనే ఉంచుతారు. జాడీ అటక మీదికి పోవచ్చుగానీ, ఏ జాడీలో ఏముందో రాసిన చీటీ అటక ఎక్కకూడదు. ఇంకో నకలు వేరే ఊళ్లో ఉంచుతారు. ఎందుకంటారా? రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిన ఆ 1908వ సంవత్సరంలోనే, సెప్టెంబరు 28న, మూసీ పొంగి వేలాది ఇళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఇల్లు పోయినప్పుడు ఇంట్లో కాగితం ఎక్కడుంటుంది? రెండు నకళ్లూ ఒకే ఇంట్లో ఉంటే అవి రెండు కావు, ఒకటే.

ఇప్పుడు మనం ఇంట్లో చెయ్యగలిగింది చెప్పి ముగిస్తాను. పెద్ద పనేమీ కాదు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

ఇంట్లో కాగితాలన్నీ ముందేసుకుని మూడు భాగాలు చెయ్యండి. తరచూ కావలసినవి, ఏడాదికో రెండేళ్లకో పని తీరిపోయేవి, ఎన్నటికీ ఉండవలసినవి. మొదటివి చేతికందే సంచీలో, రెండోవి ఏడాదికో కవరు చొప్పున, మూడోవి బీరువాలో. దస్తావేజులకు లామినేషన్ చేయించకండి, తర్వాత ఊడదీయడం కుదరదు. గోడకు ఆనించి ఉంచకండి, చెమ్మ, చెదలు అటునుంచే వస్తాయి.

తర్వాత ఒక నోటుపుస్తకం తీసుకోండి. ముందువైపు మనుషుల పట్టిక. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పేజీ, వారి పేర ఏయే కాగితాలున్నాయి, ఏ సంచీలో ఉన్నాయి. వెనకవైపు నుంచి ఆస్తుల పట్టిక. ఇల్లు, స్థలం, బ్యాంకు, బీమా, ఒక్కొక్కదానికీ ఒక పేజీ. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు, మూడూ రాయండి. అదే రిజిస్ట్రేషన్ ఆఫీసులోని మొదటి సూచిక, రెండో సూచిక! కొత్త కాగితం ఇంట్లోకి వచ్చిన రోజునే రాసెయ్యండి. ముఖ్యమైనవాటి జిరాక్సు కాపీలు వేరే ఊళ్లో ఉన్న అక్కగారింట్లోనో, తమ్ముడింట్లోనో ఉంచండి. పిల్లల చేత ఫోటోలు తీయించి, 2015లో ప్రభుత్వం తెచ్చిన డిజిలాకర్‌లో పెట్టించండి.

ఆ పుస్తకంలో మీ పేరుకూ ఒక పేజీ కేటాయించండి. మీ పేరు ఏ కాగితంలో ఏ అక్షరాలతో, ఏ ఇంటిపేరుతో ఉందో వరసగా రాసి చూడండి. తేడాలుంటే పని పడకముందే సరిచేయించుకోండి. చిన్నపిల్లలున్నవాళ్లకు మరొక మాట. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి చేరిక దగ్గర్నుంచి ఓటరు జాబితా దాకా పుట్టిన తేదీకీ, పుట్టిన ఊరికీ జనన ధ్రువపత్రమే ఆధారం. పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పేరు ఇంకా పెట్టకపోతే ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించవచ్చు. ఆ పేరులో ప్రతి అక్షరం కళ్లారా చూసుకుని మరీ తీసుకోండి.

నోటుపుస్తకం పూర్తయ్యాక ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఇంట్లో మరొకరిని పిలిచి, “ఈ పుస్తకం చూసి ఇంటిపన్ను రసీదు తీసుకురా” అనండి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తెచ్చి చేతికిస్తే, మీ దాపరికం సక్రమంగా ఉన్నట్టు. లేకపోతే ఆ పుస్తకంలో ఇంకో వరస రాయవలసి ఉందన్నమాట.